ఆసుపత్రి ఫారంలో స్నేహితుడికి గడి లేదా?

సంపాదకులకు,

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి నా స్నేహితుడిని విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఛాతీలో నొప్పి. కౌంటర్‌లో ఫారం ఇచ్చారు. పేరు, వయసు, ఊరు నింపి, ‘రోగికి ఏమవుతారు’ అన్నచోట ‘స్నేహితుడు’ అని రాశాను. అక్కడున్న అమ్మాయి దాన్ని పెన్నుతో కొట్టేసి, “బంధువులెవరైనా ఉంటే రమ్మనండి సార్, యాంజియోగ్రామ్‌కి వాళ్ల సంతకం కావాలి” అంది.

వాడి భార్య పోయి నాలుగేళ్లయింది. కూతురు మెల్‌బోర్న్‌లో, కొడుకు డల్లాస్‌లో. అక్కడ మధ్యాహ్నం, కొడుకు ఏదో మీటింగ్‌లో ఉన్నాడు. మూడోసారికి ఫోనెత్తి, వీడియోలో ‘సరే’ అన్నాకే వాడిని లోపలికి తీసుకెళ్లారు. వాడు పొద్దున ఏ మాత్ర వేసుకుంటాడో, ఏ ఇంజెక్షన్ పడదో తెలిసిన నేను ఏమీ కానివాడిలా బయట కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయిని ఏమీ అనను. ఆమె చేతికిచ్చిన ఫారమే అలాంటిది.

నిజానికి వాడికి పూర్తిగా స్పృహ ఉంది. స్పృహలో ఉన్న పెద్ద మనిషికి చికిత్స చేయాలంటే అతని అనుమతే కావాలని, కన్నతల్లి సంతకం పెట్టినా చాలదని 2008లోనే సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట ఆసుపత్రి కౌంటర్ల దాకా ఇంకా వచ్చినట్టు లేదు.

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మకో నేస్తం ఉండేది. ఊరికే స్నేహితురాలు కాదు, ‘నేస్తం కట్టుకున్న’ మనిషి. ఇద్దరివీ వేరువేరు కులాలు. గుళ్లో ఒకరికొకరు చీర పెట్టుకుని, బొట్టు పెట్టుకున్నారట. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవలేదు. వీధి మలుపు నుంచే “ఏటి నేస్తం, వంటయిపోనాదా?” అని కేక వినిపించేది. కనుమనాడు వాళ్లింటి అరిసెలు మాకు, మావి వాళ్లకి. అమ్మ పోయినప్పుడు మా మేనత్తల కంటే ముందు వచ్చి తల దగ్గర కూర్చున్నది ఆవిడే. “మీకేమవుతారు?” అని ఎవరూ అడగలేదు. నేస్తం అంటే చాలు, అందరికీ తెలుసు.

ఇది ఒక్క సిక్కోలు ముచ్చట కాదు. ఛత్తీస్‌గఢ్‌లో దీన్ని మితాన్ అంటారు. పూరీ జగన్నాథుడి ప్రసాదం పంచుకుని ‘మహాప్రసాద్’ అవుతారు. భోజలి పండగకి పెంచిన గోధుమ మొలకలు ఒకరి చెవిలో ఒకరు పెట్టుకుని ‘భోజలి’ అవుతారు. 2002లో ఆ రాష్ట్రం ఊరూరా ఆరోగ్య కార్యకర్తలను పెట్టినప్పుడు వాళ్లకు ‘మితానిన్’ అని పేరు పెట్టింది, అంటే నేస్తురాలు అనే. తర్వాత దేశమంతా వచ్చిన ఆశా కార్యకర్తలకు ఒరవడి వాళ్లే. నేపాల్‌లో ‘మీత్’ కట్టుకున్న కుటుంబాలు తమలో తాము పెళ్లి సంబంధాలు కలుపుకోవు. రక్తసంబంధం కింద లెక్క. కామెరూన్‌లో బంగ్వా జాతివాళ్లయితే, మనం పిల్లకి సంబంధం చూసినట్టు, పిల్లల ప్రాణ స్నేహితుడిని కూడా పెద్దలే కుదిర్చేవారట! అది మరీ ఎక్కువనుకోండి.

మన చట్టాలకూ స్నేహం బొత్తిగా తెలియదనలేం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 14వ సెక్షన్ చూడండి. రేపు తన తరఫున ఎవరు నిలబడాలో మనిషి ముందే తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి పెట్టుకోవచ్చు. వేలిముద్ర అయినా సరే. ఆ నిలబడేవాడు బంధువే కానక్కర్లేదు. మనసుకి జబ్బు చేస్తే చెల్లే కాగితం గుండెకి జబ్బు చేస్తే ఎందుకు చెల్లదు?

స్నేహితుడినంటూ ఎవడో వచ్చి మోసం చేస్తే ఎలా అంటారు. అనుమానం న్యాయమైనదే. అందుకే అప్పటికప్పుడు నోటిమాట కాకుండా, ముందే రాసిన కాగితం అంటున్నాను. అయినా ఆస్తుల కోసం ముసలివాళ్లను ఏడిపించేది స్నేహితులా? మీ పత్రికలో జిల్లా పేజీలు చదివేవాళ్లకి ఆ సంగతి చెప్పక్కర్లేదు.

పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు మా వీధిలోనే ఆరున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ కలిసి ఆలోచించాల్సిన విషయం ఇది. కొత్త చట్టం దాకా ఎందుకు, ముందు ఫారంలో ‘బంధువు’ అన్నచోట ‘బంధువు లేదా రోగి ఎంచుకున్న వ్యక్తి’ అని అచ్చువేయమని ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు.

మావాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే నోట్‌బుక్ నుంచి ఒక కాగితం చింపి, నా పేరు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. నేనూ వాడి పేరుతో ఒకటి రాసిచ్చాను. రెండూ మా బీరువాలో ఉన్నాయి. అవి ఏ కౌంటర్‌లో చెల్లుతాయో ఎవరైనా చెబితే బాగుండు.

– ఒక రిటైర్డ్ టీచర్, విశాఖపట్నం