వరద వార్తకు ఏ మైకు?

అయ్యా,

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. మూడింటికీ తోక ఒకటే: ‘పాయింట్ ఏడు ఐదు’. ముందున్న పదకొండో పదమూడో గాలి హోరులో కొట్టుకుపోతే, గోదారి లంక గ్రామాల్లో లైవ్ వింటున్నవాళ్లకు సామాను సర్దాలో అక్కర్లేదో తెలీదు. పత్రికల విలేకరులు కూడా గట్టు మీద నుంచి ఫోన్లో లైవ్ ఇస్తున్న రోజులు కాబట్టి ఈ నాలుగు మాటలు.

విలేకరుల చేతుల్లో తరచూ కనిపించేది పాటగాళ్ల మైకు, అంటే షూర్ ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ (ఎదుటివైపు శబ్దాన్నే బాగా వినే) రకం. వెనకనున్న స్పీకర్ల మోతను తగ్గించి, కూత రాకుండా చూడడానికి అది స్టేజీ మీద బ్రహ్మాండం. ఇద్దరి నోళ్ల మధ్య తిరగాల్సిన చోట ఆ గుణమే తంటా. కాస్త పక్కకు తిరిగితే గొంతు పలచబడుతుంది, మరీ ఆనిస్తే బొంగురుగా బరువెక్కుతుంది, గాలి తగిలితే బుడబుడమంటుంది. అన్ని వైపులా ఒకేలా వినే ఓమ్నీ డైనమిక్ మైకుల్లో ఈ మూడు బాధలూ తక్కువే. ఎలక్ట్రో-వాయిస్ ఆర్‌ఈ50, షూర్ ఎస్‌ఎం63 ఆ కోవవి. ఆర్‌ఈ50లోనైతే మైకు లోపల ఇంకో మైకు ఉన్నట్టే నిర్మాణం, చేతి రాపిడి పెద్దగా వినిపించదు. బ్యాటరీ గొడవా లేదు.

ఓమ్నీ కదా అని దూరంగా పట్టుకుంటే వినిపించేది గోదారే. మూరెడు దూరాన్ని జానెడు చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, హోరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంజిన్ పడవలోనో, అంతర్వేది తీర్థంలో మైకు సెట్ల మధ్యనో అయితే జానెడు కూడా ఎక్కువే. గడ్డం కింద బెత్తెడు దూరంలో ఉండాలి.

మైకును అవతలివాళ్ల చేతికి ఇవ్వొద్దు. అలాగని ఆత్రంగా వెనక్కి లాక్కోనూవద్దు. మన భాషలో అవునో కాదో తేలేది వాక్యం చివర. ‘బియ్యం అందలేదు’లో ఆ ‘లేదు’ పలికేలోపు మైకు విలేకరి వైపు తిరిగిపోయిందా, ఇంట్లో వినేవాళ్ల లెక్కలో బియ్యం అందినట్టే!

ఎక్కువ ప్రసారాలు పాడయ్యేది మాత్రం వైరు దగ్గర. మైకు అడుగునుండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి కెమెరా 3.5 మి.మీ. సాకెట్టుకు ఏదో ఒక రెడీమేడ్ వైరు తగిలిస్తారు. కొన్నింటిలో 2వ పిన్ను ఎడమ చానల్‌కు, 3వ పిన్ను కుడి చానల్‌కు పోతాయి. ఆ రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి తలకిందులు. ఇయర్‌ఫోన్లో వింటే కాస్త వింతగా ఉన్నా గొంతు ఉంటుంది. రెండు చానళ్లనూ కలిపి ఒకే స్పీకర్లో వినిపించే ఫోన్లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మాట మాయం. పాపం, నింద మైకు మీద పడుతుంది. 2వ పిన్నును జాక్ కొనకూ మధ్య రింగుకూ కలిపి, 1, 3 పిన్నులను జోడించి అడుగు స్లీవ్‌కు సోల్డర్ చేయిస్తే సరి.

ఫోన్‌కు ఈ వైరు పనికిరాదు. నాలుగు భాగాల జాక్ ఉన్న అడాప్టర్ కావాలి. సరిపడని జాక్ పెడితే ఫోన్ చడీచప్పుడు లేకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేసుకుంటుంది. మైకు జాలీని గోటితో గీకి చూడండి, తెర మీది సౌండ్ మీటరు ఎగరాలి. ఫోన్ అడుగున గీకితే ఎగరకూడదు.

ఆటో గెయిన్ (శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు) ఆపేసి, గట్టి మాట మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. ఆటోలో వదిలేస్తే మాట ఆగిన ప్రతిసారీ హోరు పైకి లేస్తుంది.

గాలికి వీపు పెట్టి నిలబడితే ఒళ్లే మైకుకు అడ్డు. స్పాంజి టోపీ తప్పనిసరి. అది వానకు నానితే గొంతు మూసుకుపోయినట్టు వస్తుంది, కాబట్టి జేబులో పొడిది ఇంకొకటి ఉండాలి. పాలిథిన్ కవరు మాత్రం చుట్టొద్దు, ఆ గరగర వానకంటే అన్యాయం.

ఇట్లు,
కొందరు సౌండ్ పనివారు,
అమలాపురం