బ్రేక్ మూత మీద మొండి స్క్రూ తీసిపెట్టిన బాబాయ్ గారికి కృతజ్ఞతలు

పక్కింటి బాబాయ్ గారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. డబ్బు మాట ఎత్తితేనే కోప్పడ్డారు. ఇలాగైనా నా మనసులో మాట ఆయనకు చేరాలి.

నా బండి ముందు డిస్క్ బ్రేక్ ఆయిల్ బాగా నల్లబడింది. మార్చాలంటే హ్యాండిల్ మీదున్న ఆయిల్ డబ్బా మూత తీయాలి. మూతకు రెండే స్క్రూలు. ఒకటి సులువుగానే వచ్చేసింది. రెండోదాని తల ఈ సెకండ్ హ్యాండ్ బండి నా చేతికి వచ్చేనాటికే అరిగిపోయి ఉంది. స్టార్ గాడి ఉండాల్సిన చోట గుండ్రటి గుంట మిగిలింది. చూపించిన చోటల్లా ఆ డబ్బాతో కలిసి ఉండే మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను బ్రేక్‌కు తోసే భాగం) మొత్తం మార్చేయమన్నారు. బ్రేక్ సంగతి కదా, బండి బయటికి తీయాలంటేనే టెన్షన్.

బాబాయ్ గారు లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషి. రాగానే సుత్తి పట్టలేదు. ముందు పెట్రోల్ ట్యాంకు మీద పాత గుడ్డలు కప్పించి, బకెట్‌తో నీళ్లు పక్కన పెట్టించారు. బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి. తర్వాత స్క్రూ తల చుట్టూ సూదితో గీకి, రాలిన తెల్లటి పొడి నాకు చూపించారు. స్క్రూ ఉక్కు, డబ్బా అల్యూమినియం. రెండిటి మధ్య తడి చేరితే అల్యూమినియం తినుకుపోయి ఆ పొడి అవుతుంది. అదే స్క్రూను సిమెంటులా పట్టేస్తుంది. "దీన్ని బలం పెట్టి తిప్పితే రాదురా, ముందు లోపల పట్టు విడగొట్టాలి" అన్నారు.

తుప్పు వదిలించే ఆయిల్ తల అంచున ఒక్క చుక్క వేసి, మొద్దు పంచ్ పెట్టి మెల్లమెల్లగా కొట్టారు. ఆ రాత్రికి అలాగే వదిలేయమన్నారు. మర్నాడు సోల్డరింగ్ ఐరన్ మొనను తల మీద కాసేపు ఆనించారు. మంట మాత్రం దగ్గరికి రానివ్వలేదు. కింద ఉన్నది మండే ఆయిల్, పైగా మూత కింద రబ్బరు పొర ఉంటుంది. ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే స్క్రూను తిప్పే పనిముట్టు) తెస్తానంటే వద్దన్నారు. ఇంజిన్ కవర్లకైతే అది మంచిదేగానీ, హ్యాండిల్ మీద వేలాడే పలచటి డబ్బాకు ఆ దెబ్బలు పనికిరావట.

ఆఖరికి మొన ఉన్న సెంటర్ పంచ్ తీసుకుని తల అంచు దగ్గర చిన్న గంటు పెట్టారు. పంచ్‌ను ఏటవాలుగా వంచి, స్క్రూ ఊడే దిక్కుకు చిన్న చిన్న దెబ్బలు వేయడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆగి, సుత్తి నా చేతికిచ్చారు. ఇంకో రెండు దెబ్బలకు తల అంచున వెంట్రుకంత మెరుపు గీత కనిపించింది. కదిలింది! ఆ తర్వాత వేళ్లతోనే తిప్పేశాను. డబ్బా లోపలి మరలు చెక్కుచెదరలేదు.

సులువుగా వచ్చిన స్క్రూను అరచేతిలో పెట్టి ఆయన చెప్పిన ఇంకో మాట మీకూ పనికొస్తుంది. దాని తల మీద చిన్న చుక్క ఉంది. జపాన్ కంపెనీల బళ్లలో ఇది కనిపిస్తే అది జేఐఎస్ స్క్రూ, అంటే జపాన్ ప్రమాణాల ప్రకారం చేసిన స్క్రూ అని గుర్తు. చూడటానికి మామూలు స్టార్‌లాగే ఉంటుంది, కానీ మనం మామూలుగా వాడే ఫిలిప్స్ (స్టార్) స్క్రూడ్రైవర్ అందులో అడుగుదాకా కూర్చోదు. బలం పెట్టేకొద్దీ పైకి లేచి గాడిని కొరికేస్తుంది. తలలు అరిగేది ఎక్కువగా అందుకే.

ఇప్పుడు రెండు చోట్లా కొత్తగా అలెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేశాం, మరలకు మళ్లీ పట్టేయకుండా యాంటీ సీజ్ పూత రాసి, గట్టిగా కాకుండా ఆనేంత వరకే బిగించాం. సీలు తీయని డబ్బాలోంచి డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ పోసి లోపలి గాలంతా తీశాక లివర్ రాయిలా నిలబడింది.

బాబాయ్ గారూ, పారేయమన్న సామాను మీ వల్ల నిలిచింది. అంతకన్నా, చివరి దెబ్బలు నా చేత వేయించినందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాను. ఎండలో టార్చి పట్టుకుని ఓపిగ్గా నిలబడిన పిన్నిగారికి కూడా నా నమస్కారాలు.