బస్తా మూతి చూసి ధర కట్టకండి

సంపాదకులు గారికి నమస్కారం.

ప్రవక్త పుట్టినరోజు మిలాద్ దగ్గర పడిందంటే మా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు ఫోన్లలో ఒక పాత తగాదా మళ్లీ తిరగడం మొదలవుతుంది. తనకు వహీ, అంటే దైవసందేశం, వచ్చిందని ముహమ్మద్ ప్రవక్త నిజంగా నమ్మే చెప్పారా, తెలిసే కల్పించారా అని. ఒకరు ఆయత్ (ఖురాన్ వాక్యం) ముక్క ఒకటి పంపితే అవతలివారు హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించి చెప్పుకున్న కథనం) ముక్క పంపుతారు. ఇప్పుడా ముక్కలు మీ లేఖల శీర్షికలోకీ వస్తున్నాయి. వేయొద్దని అనను, అడగదగ్గ ప్రశ్నే. కానీ మోంఢాలో, అంటే మార్కెట్ యార్డులో, మిర్చి కొనేవాడు బస్తా మూతి దగ్గరి కాయలు చూసి ధర కట్టడు. అడుగుదాకా చెయ్యి దూర్చి గుప్పెడు లాగి చూస్తాడు.

ముందుగా, రెండు ప్రశ్నలను కలిపేస్తున్నారు. చెప్పిన మాట దైవవాక్కా కాదా అన్నది విశ్వాసానికి సంబంధించింది. చెప్పినవారు దాన్ని మనసారా నమ్మారా అన్నది చరిత్ర కొంతవరకు తేల్చగలది. నిజాయితీపరుడూ పొరబడవచ్చు కాబట్టి రెండోది తేలినా మొదటిది తేలినట్టు కాదు. 1840లో లండన్ ఉపన్యాసంలో బ్రిటిష్ రచయిత కార్లైల్ ముహమ్మద్‌ది మోసం కాదని గట్టిగా వాదించాడు. అలాగని ఆయన ముస్లిం కాలేదు.

నిజాయితీ తూచాలంటే, వహీ వచ్చిందన్న ఆ దావా (చెప్పుకోలు) వల్ల లాభం వచ్చిన చోట కాదు, లాభం చేతికందినా వదులుకున్న చోట చూడాలి. ప్రవక్త పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. మదీనాలో 632 జనవరి 27న గ్రహణం కనిపించిందని ఖగోళ లెక్కలూ చెబుతున్నాయి. బిడ్డ కోసమే సూర్యుడు నల్లబడ్డాడని జనం అనుకున్నారు. గ్రహణం రోజు ఊరగాయ జాడీ మీద దర్భ వేసే మన ఇళ్లలో అలాంటి మాట ఎంత తేలిగ్గా పుడుతుందో చెప్పనక్కర్లేదు. కల్పించేవాడికి ఇంతకు మించిన అదను దొరకదు, నోరు మెదపకుండా ఊరుకున్నా సరిపోయేది. ఆయన మాత్రం, సూర్యచంద్రులు అల్లా సూచనల్లో రెండని, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. ఇది బుఖారీ కూర్చిన హదీసుల సంకలనంలో ఉంది.

ప్రవక్త భార్య ఆయిషా శీలం మీద నింద పడినప్పుడు దాదాపు నెల రోజులు వహీ రాలేదు. ఊరంతా గుసగుసలు. ఆయనేమో ఇంటివారినీ వీరినీ వారినీ సలహా అడుగుతున్నారు. నింద అబద్ధమని చెప్పే 24వ సూరా (ఖురాన్ అధ్యాయం) ఆయత్‌లు ఆ తర్వాతే వచ్చాయి. కావాలనుకున్నప్పుడు ఆయత్ అల్లే మనిషి నెల ఆగుతాడా? 80వ సూరా మొదలే, గుడ్డివాడు వస్తే మొహం చిట్లించినందుకు మందలింపు.

అటువైపు పళ్లెం కూడా చూడాలి. 33వ సూరాలో ఆయన పెళ్లిళ్లకు సంబంధించిన ఆయత్‌లు ఉన్నాయి. దత్తుడు జైద్ విడిచిపెట్టిన జైనబ్‌తో పెళ్లి సంగతి 37వ ఆయత్‌లో వస్తుంది. అవసరానికి తగ్గట్టు వహీ వచ్చిందనే ఆక్షేపణ కొట్టిపారేయదగ్గది కాదు. నీ కోరిక తీర్చడానికి నీ ప్రభువు తొందరపడుతున్నట్టుందే అన్న అర్థంలో స్వయంగా ఆయిషాయే అన్నారని బుఖారీలో ఉంది. ఫోన్లో తిరిగే ముక్క ఇక్కడితో ఆగిపోతుంది. అదే 37వ ఆయత్‌లో, నువ్వు జనానికి భయపడ్డావు, భయపడాల్సింది అల్లాకు అనే మాట కూడా ఉంది. వహీలో ఏదైనా దాచే మనిషైతే దీన్నే దాచేవారని హదీసుల్లో మరోచోట వస్తుంది. నాకు నిజాయితీ వైపే మొగ్గు కనిపిస్తుంది. కాదనేవారు పూర్తి ఆయత్ పెట్టుకుని కాదనాలి.

ఇక ఆధారాల వయసు. ప్రవక్త మరణం 632. ఇబ్న్ ఇస్‌హాక్ 767 ప్రాంతంలో పోయాడు, ఆయన రాసిన ప్రవక్త జీవితచరిత్ర మనకు ప్రధానంగా అందింది 833 ప్రాంతంలో పోయిన ఇబ్న్ హిషామ్ చేతుల మీదుగా. బుఖారీ మరణం 870. అందుకే ఎవరు ఎవరి దగ్గర విన్నారన్న ఇస్నాద్ చూడకుండా ఏ కథకూ బరువు కట్టలేం. రోమన్ చక్రవర్తి హిరక్ల్ (హెరాక్లియస్) మక్కా నాయకుడు అబూ సుఫ్యాన్‌ను ముహమ్మద్ గురించి ప్రశ్నించిన ఘట్టమే తీసుకోండి. వంశం ఎలాంటిది, పూర్వీకుల్లో రాజులున్నారా, అనుచరులు పెద్దలా పేదలా, చేరినవారు వెనక్కి పోతున్నారా, ఇంతకుముందు అబద్ధమాడాడా, మాట తప్పాడా. దావాను తూచడానికి ఇంత పదునైన ప్రశ్నల పట్టీ అరుదు. అప్పుడు శత్రువైన అబూ సుఫ్యాన్ అబద్ధమాడలేదనే చెప్పాడు. కానీ ఈ సంగతి మనదాకా వచ్చింది అతను ముస్లిం అయ్యాక చెప్పుకున్న మాటగా. బరువు పోదు గానీ కాస్త తగ్గుతుంది.

ఇదే జాగ్రత్త, ఆ కాలంలోనే తానూ ప్రవక్తనన్న ముసైలమా విషయంలోనూ ఉండాలి. నేల సగం నీకు, సగం నాకు అని ప్రవక్తకు ఉత్తరం రాశాడని, నేల అల్లాది అని జవాబు వెళ్లిందని చెబుతారు. దావా వెనుక పంపకం బేరం ఉందనడానికి ఇది మంచి ఉదాహరణే. అయితే అతని గురించి మనకున్నది దాదాపు అంతా అతన్ని ఓడించినవారు చెప్పిందే.

కాబట్టి నా మనవి. ఈ విషయం మీద లేఖ వేసేటప్పుడు సూరా, ఆయత్ సంఖ్యలు అడగండి. దానికి ముందు ఐదు, తర్వాత ఐదు ఆయత్‌లు మీ డెస్క్‌లో ఒకరు చదవండి. ఖురాన్ తెలుగులో దొరకని పుస్తకం కాదు, స్వాతంత్ర్యానికి ముందే చిలుకూరి నారాయణరావు గారు అనువదించారు. హదీసు అయితే సంఖ్య ఒక్కటే చాలదు, ముద్రణను బట్టి సంఖ్యలు మారతాయి. సంకలనం పేరు, అధ్యాయం, మొదట చెప్పినవారి పేరు ఉండాలి. ఇవి లేని లేఖ ఎటువైపుదైనా సరే తిప్పి పంపండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా.