పుట్టగొడుగుల పొడి కోసం మధుమేహం మాత్రలు మానకండి

సంపాదకులకు నమస్కారం.

చంద్రగిరి దగ్గరి పల్లెలో ఉంటున్న మా బావగారికి పద్దెనిమిదేళ్లుగా మధుమేహం ఉంది. మూడు నెలల క్రితం తెలిసినవారొకరు ఇంటికి వచ్చి గానోడెర్మా పుట్టగొడుగు పొడి డబ్బాలు రెండు ఇచ్చి, ఇది వాడితే ఇక మాత్రలతో పనిలేదని నమ్మించారు. బావగారు మాత్రలు మానేశారు. నెల తిరగకుండానే కాలి బొటనవేలికి పుండు పడింది. పరీక్ష చేయిస్తే చక్కెర నాలుగు వందలు దాటింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంటే వేలు దక్కింది. మా అక్క ఆ పదకొండు రోజులూ కంటిమీద కునుకు లేకుండా గడిపింది.

నేను డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. పుట్టగొడుగుల్లో ఔషధ గుణాలు లేవని నేను అనను. ఉన్నాయి గనుకనే వాటి పేరుతో ఇంత అబద్ధం చెల్లుతోంది. షిటాకే అనే తినే పుట్టగొడుగు నుంచి జపాన్ శాస్త్రవేత్తలు 1969లో లెంటినాన్ అనే బీటా గ్లూకాన్‌ను (చక్కెర అణువులు పొడవైన గొలుసులా కలిసిన పదార్థాన్ని) వేరు చేశారు. 1985లో దానికి అక్కడ మందుగా అనుమతి వచ్చింది. అయితే ఎలా ఇచ్చేవారో చూడండి: శుద్ధి చేసి, మోతాదు కట్టి, కడుపు క్యాన్సర్ రోగికి కీమోథెరపీతో పాటు నరానికి ఎక్కించే ఇంజెక్షన్‌గా. కీమోథెరపీ మానిపించి కాదు. బీటా గ్లూకాన్ చాలా పెద్ద అణువు, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో లేదు. చెంచాడు పొడి కాఫీలో కలుపుకుని తాగితే అందులో చాలా భాగం పీచుపదార్థంలాగే పోతుంది. ఇంజెక్షన్‌కు వచ్చిన పేరును పొడి డబ్బాకు అంటించడం మోసం.

కొలెస్ట్రాల్ తగ్గించే లోవాస్టాటిన్ సంగతీ ఇంతే. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల్లో అది సహజంగా ఉంటుంది, కానీ ఎంత ఉంటుందో రకాన్ని బట్టి, పెంచిన తీరును బట్టి మారుతుంది. మాత్రలో మాత్రం ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది.

ఇక గానోడెర్మా. కొబ్బరి రైతులకు ఈ పేరు కొత్తది కాదు, చెట్టు మొదలును కుళ్లబెట్టే తెగులుగా వారికి బాగా తెలుసు. టైప్ 2 మధుమేహంలో ఇది చక్కెరను తగ్గిస్తుందా అని అంతకు ముందు జరిగిన ప్రయోగాలను వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి పరిశీలించే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2015లో సమీక్షించి, అందుకు ఆధారం లేదని తేల్చింది.

మధుమేహం, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. డబ్బా మీద ఉన్న ఆహార లైసెన్సు నంబరు చూపించి ప్రభుత్వమే ఒప్పుకుందని అమ్మకందారులు చెబుతున్నారు. అది తినే వస్తువు అమ్ముకోవడానికి ఇచ్చే నంబరు, రోగం నయమవుతుందనే హామీ కాదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల ఔషధ నియంత్రణ, ఆహార భద్రత అధికారులు ఈ డబ్బాలను, కరపత్రాలను తెప్పించుకుని చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చక్కెర పరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇంకేమైనా పొడులు వాడుతున్నారా అని అడగాలి. బావగారిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. మీ పత్రిక కూడా ఇలాంటి ప్రకటనలను తీసుకోవద్దని వేడుకుంటున్నాను.

వానలు పడ్డాక బావగారి ఇంట్లో పుట్టగొడుగుల కూర వండుతారు. ఇప్పుడూ వండుతున్నారు, ఆయన ఇష్టంగా తింటున్నారు, తిన్నాక మాత్ర వేసుకుంటున్నారు.

– ఒక విశ్రాంత అధ్యాపకురాలు, తిరుపతి