గ్లవ్స్ కొనేముందు ఇది చదవండి

అందరికీ నమస్తే. వచ్చే నెల క్లే టార్గెట్ (గాల్లోకి ఎగరేసిన బిళ్లలను తుపాకీతో కొట్టే ఆట) ప్రాక్టీస్‌కు హైదరాబాద్ వచ్చే వాళ్లలో చాలామంది గ్లవ్స్ గురించి అడుగుతున్నారు. ఈ ఆటలో ఒక రకమైన ట్రాప్‌లో ఒక రౌండ్‌కు 25 టార్గెట్లు. ఒక్కోదానికి రెండు షాట్లు కొట్టొచ్చు, అంటే 50 తూటాల దాకా పోతాయి. ఆగకుండా కొడితే బ్యారెల్ (తుపాకీ గొట్టం) బాగా కాలుతుంది, ఎండాకాలం అయితే చెప్పనక్కర్లేదు. తుపాకీని ముందువైపు పట్టుకునే చెయ్యి ఎప్పుడూ బ్యారెల్ కింది చెక్క మీదే ఉండాలి. అయినా వేళ్ల కొసలు ఇనుముకు తగులుతూనే ఉంటాయి. అసలు రక్షణ కావాల్సింది ఆ చేతికే.

హనుమకొండలో చవకగా దొరుకుతాయని వెల్డింగ్ గ్లవ్స్ మాత్రం కొనకండి. అవి మందం. ట్రిగ్గర్ మీద వేలుకు స్పర్శ తెలియదు, మనం అనుకోకముందే తూటా పేలొచ్చు. ఈ విషయంలో నేను అస్సలు ఒప్పుకోను. నైలాన్, పాలిస్టర్‌వి కూడా వద్దు, బాగా వేడెక్కితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

పల్చటి మేకతోలువి మంచివి. లోపల కెవ్లార్ (వేడిని తట్టుకునే గట్టి నార) లైనింగ్ ఉంటే ఇంకా మేలు. ప్యాకెట్ మీద ఈఎన్ 407 (వేడి నుంచి కాపాడే గ్లవ్స్‌కు యూరప్ ప్రమాణం) గుర్తు చూడండి. అందులో కాంటాక్ట్ హీట్ (తాకితే తగిలే వేడి) లెవెల్ 1 అని ఉంటే, 100 డిగ్రీల వేడి వస్తువును 15 సెకన్లు పట్టుకున్నా చెయ్యి కాలదు. మనకు అది చాలు. పై లెవెల్‌కు పోతే మళ్లీ మందమే.

సైజు బిగుతుగానే ఉండాలి, పిడికిలి బిగిస్తే అరచేతిలో ముడత పడొద్దు. చెమటకు తడిసిన తోలును నీడలోనే ఆరబెట్టండి, ఎండలో పెడితే గట్టిపడి పగులుతుంది. పిల్లల కోసం కొనేవాళ్లు వాళ్లను షాపుకు తీసుకెళ్లి తొడిగించి చూడండి, ఆన్‌లైన్‌లో వద్దు.