ఓపీకి వచ్చే ఆ కుర్రాళ్ల గురించి

చి. సుధీర్‌కు నాన్న ఆశీస్సులు.

"నరాల బలహీనత" అంటూ ఓపీకి వచ్చినవాళ్లు అసలు మాట చెప్పలేక నేలచూపులు చూస్తున్నారని మొన్న ఫోన్లో అన్నావు. మన మందుల షాపులో వాళ్లను ఏళ్ల తరబడి చూశాను. పెళ్లి కుదిరిన కుర్రాడు మిగతావాళ్లంతా వెళ్లేదాకా పక్కన నిలబడి, "బలానికేమైనా ఉందా అంకుల్" అని గొణిగేవాడు. పెద్దాసుపత్రికి వెళ్లమంటే ముఖం మాడిపోయేది.

హస్తప్రయోగం వల్ల వీర్యం పోయి ఒంట్లో బలం పోతుందన్న ఆ భయం గోడల మీద ప్రకటనలు రాయించే లాడ్జి డాక్టర్లు పుట్టించింది కాదురా. పెద్ద పెద్ద వైద్యులే దానికి శాస్త్రం ముద్ర వేశారు. 1760లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ వైద్యుడు తిస్సో హస్తప్రయోగం మీద ఫ్రెంచిలో పుస్తకం అచ్చేశాడు. ఒక ఔన్సు వీర్యం పోతే 40 ఔన్సుల రక్తం పోయినదానికన్నా నీరసమన్నాడు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమని మనవాళ్లు చెప్పే లెక్క నువ్వూ విన్నావుగా! 1812లో అమెరికాలో బెంజమిన్ రష్ అనే వైద్యుడు హస్తప్రయోగాన్ని పిచ్చికి కారణాల్లో చేర్చాడు. 1863లో ఎడిన్‌బరో పిచ్చాసుపత్రి వైద్యుడు డేవిడ్ స్కే దాని పేరనే ఒక రకం పిచ్చిని వర్గీకరించాడు.

ఇంత చదువుకున్నవాళ్లు ఎలా పొరబడ్డారు? పిచ్చాసుపత్రిలో రోగికి చాటు ఉండదు. ఏం చేసినా కాపలావాళ్ల కంట పడుతుంది. పడ్డది కేసు పుస్తకానికి ఎక్కుతుంది. అదే పని ఇళ్లలో చేసుకుని హాయిగా బతికేవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? 1948లో అమెరికాలో లైంగిక అలవాట్ల మీద పరిశోధన చేసిన కిన్సే మగవాళ్లను అడిగి లెక్క తీస్తే నూటికి 90 మందికి పైగా ఔనన్నారు. వాళ్లందరికీ పిచ్చి పట్టలేదు కదా.

లండన్ సర్జన్ ఐజాక్ బేకర్ బ్రౌన్ సంగతి చదివినప్పుడైతే నా కడుపు రగిలిపోయింది. ఆడవాళ్ల హిస్టీరియాకూ మూర్ఛలకూ హస్తప్రయోగమే మూలమని వాళ్ల జననాంగంలో భాగం కోసేశాడు. 1867లో ప్రసూతి వైద్యుల సంఘం అతన్ని వెళ్లగొట్టింది. అక్కడ ఎక్కువగా నలిగింది ఏమిటో తెలుసా? రోగికీ భర్తకూ చెప్పకుండా కోశాడన్నది. ఆ సిద్ధాంతమే తప్పని గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

మన దేశంలో మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో, ధాతువు అంటే వీర్యం పోతోందన్న ఈ బాధకు ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. పోయిందనుకునే ధాతువు కన్నా, పోయిందన్న దిగులే మనిషిని తినేస్తుందని ఆయన పేరు పెట్టాకైనా పట్టించుకున్నారు. అందుకే వచ్చినవాడిని "ఏం కాదు పో" అని పంపేయకు. నిద్ర ఎప్పటినుంచి పట్టడం లేదో, ఆకలి ఉందో లేదో అడుగు. చాలామందిలో అడుగున డిప్రెషన్ ఉంటుందని నాకన్నా నీకే బాగా తెలుసు. పెళ్లి వద్దంటున్నాడా అని కూడా అడుగు, ఆ మాట వాళ్లంతట వాళ్లు చెప్పరు.

విగ్ గారు ఆ పేరు పెట్టిన వ్యాసం మీ కాలేజీ లైబ్రరీలో దొరికితే ఒక కాపీ తీసి పంపు. అమ్మ నిన్ను వేళకు తినమంటోంది.

నాన్న