కాటా దగ్గర నిలబడే గుమస్తా ఫోను

పలాస,
ఆదివారం.

చిరంజీవి చిన్నబాబుకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. నీ కబురు తెలిసి మూడు వారాలయింది. పని ఒత్తిడి అనుకొని ఊరుకున్నాను గాని, నిన్న బుల్లత్త వచ్చి, జీడి మిల్లు తూకం లెక్కల యాప్ ఎందులో రాయాలన్న తగవుతో నువ్వూ నీ స్నేహితుడూ మాటలు మానేశారని చెప్పింది. అది అడగడానికి కాదు ఈ ఉత్తరం. జీడిపప్పు రెండు డబ్బాలు పంపిస్తున్నాము, చెమ్మ తగలనీయకు.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు చెప్పినది గుర్తుంది. ఆండ్రాయిడ్‌కు కాట్లిన్ భాషలోనూ, ఐఫోన్‌కు స్విఫ్ట్ భాషలోనూ విడివిడిగా రాయాలని నీ పట్టుదల. ఫ్లట్టర్ అనే సాధనంలో ఒకసారి రాస్తే రెండింటికీ సరిపోతుందని అతని వాదన. ఉన్నది ఇద్దరే అయినప్పుడు ప్రతి మార్పునూ రెండుసార్లు రాసి, రెండుసార్లు పరీక్షించుకుంటూ ఉంటే మీరు నిద్రపోయేదెప్పుడు?

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో ఇక్కడి ఒక జీడి మిల్లుకు విజువల్ ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేసు సాఫ్ట్‌వేరులో బస్తాల లెక్క రాసిచ్చిన సంగతి నీకు తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ కంప్యూటరు తడిసిపోయింది. లెక్కల నకలు మిగిలింది గాని, దానిని కొత్త యంత్రంలో తెరవగలవారు ఊరిలో లేరు. ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షను రాదని మైక్రోసాఫ్టు 2007లోనే చెప్పింది, 2015లో మద్దతు కూడా ఆపేసింది. కరెంటు లేదు, సిగ్నలు లేదు. జనరేటరు పెట్టుకొని నాలుగు రాత్రులు నేను ఒక్కొక్క ఖాతా చదువుతుంటే మీ నాన్నగారు పుస్తకంలో ఎక్కించారు. పగలు గుమస్తా కాటా దగ్గర నిలబడి, ఎనభై కేజీల బస్తాల తూకం తడి కాగితాల మీద రాసుకున్నాడు. మీరు రాస్తున్నది ఆ గుమస్తా కోసమే కదా, నాయనా.

అతని చేతిలో ఉన్నది చవక ఆండ్రాయిడ్ ఫోను. అది సిగ్నలు లేకపోయినా తూకం దాచుకోవాలి, బ్లూటూత్ కాటాతో మాట్లాడాలి. ఫ్లట్టర్‌లోనూ అది కుదురుతుంది గాని, కాటా కోసం ఎవరో రాసిన ప్లగిన్‌ను, అంటే అదనంగా తగిలించే ముక్కను, నమ్ముకోవాలి, దానిని వారు వదిలేస్తే భారం మీదే. ఫ్లట్టర్‌లాగే రెండు ఫోన్లకూ కలిపి రాసే జామరిన్‌కు మైక్రోసాఫ్టు 2024 మే 1తో మద్దతు ఆపేసినప్పుడు ఎన్ని యాప్‌లు తిరగరాయవలసి వచ్చిందో నాకంటే నీకే బాగా తెలుసు. అందుచేత గుమస్తాకు కాట్లిన్‌లో ఒక్క యాప్ రాయండి. ఐఫోన్ పట్టుకొని తిరిగే మిల్లు యజమాని కాటా ముట్టుకోడు, లెక్క చూసుకుంటాడు; అతనికి బ్రౌజర్‌లో ఒక పేజీ చాలు. ఐఫోన్‌లోని బ్రౌజర్ సఫారీ బ్లూటూత్ కాటాను పలకరించజాలదు, యజమానికి ఆ అవసరమూ లేదు. ఇందులో నీ మాట సగం, అతని మాట సగం నిలుస్తాయి, స్విఫ్ట్ జోలికి వెళ్లవలసిన పని ఉండదు.

రాత్రి వేళకు భోజనం చేస్తున్నావా? బుల్లత్త మాట నిజమో కాదో ఒక్కసారి ఫోను చేసి చెప్పు. రెండో డబ్బా అతనికి, నీ చేత్తోనే ఇవ్వు.

అమ్మ